ఒక్క కొమ్మ కొట్టమన్నాను

“ఎండ జర దిగనీ,” అన్నాడు ఆయన.

“దిగేదాక ఆగితె హాస్టల్ పిల్లలు ఊకుంటరా? రెండింటికిస్తనని మాటిచ్చిన,” అన్నాను.

“సరే తియ్యి, మూట ఇటియ్యి.”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. అశోక్‌నగర్‌లో ఒక గల్లీ మొదట్లో మా ఇస్త్రీ బండి. ఆయన ఆ మూట భుజాన వేసుకుని దోమలగూడ వైపు పోయాడు. బట్టలు ఇచ్చాడు, ఇవ్వకపోలేదు. తిరిగి వస్తూ నారాయణగూడ దగ్గర మూసి ఉన్న షట్టరు ముందు కూర్చున్నాడట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడట. ఎవరో ఆటోలో వేసి దవాఖానకు చేర్చేసరికి ఒళ్ళు పెనంలా ఉంది. వడదెబ్బ అన్నారు. ఇది నిరుటి వేసవి సంగతి. నాకు సంతకం మటుకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది.

ఇప్పుడు బండి నేనే నడుపుతున్నాను. మా గల్లీ నిండా సర్కారు కొలువులకు చదివే పిల్లలే. బండికి ఎదురుగా మేడ మీద వాళ్ళకు పాఠాలు చెప్పే గది ఉంది. ఈ ఏడు ఎండలు మొదలైనప్పుడు ఒకరోజు బట్టలివ్వడానికి పైకి పోతే లోపల గట్టిగా మాటలు వినబడ్డాయి. మా దగ్గర బట్టలు వేసే అమ్మాయి ఒకతె నిలబడి మాట్లాడుతోంది. భూమి వేడెక్కడం ఏ ఒక్క సర్కారు చేసిందీ కాదంది. ఎక్కడెక్కడి దేశాల పొగో కలిసి చేసిందంది. మనుషులూ మారాలి, అన్నీ సర్కారు మీద వేస్తే ఎలా అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సర్కారుది కాకపోతే మరి ఆయనను ఎండలోకి తోలింది నేనే కదా.

తెల్లారి మళ్ళీ పోయాను. ఇవ్వాల్సిన బట్టలేమీ లేవు, ఉత్తగానే పోయాను. అదే అమ్మాయి అదే చోట నిలబడి, ఈసారి తప్పంతా సర్కారుదే అంటోంది. చెట్లు కొట్టించింది ఎవరు, చెరువులు పూడుతుంటే చూస్తూ ఊరుకుంది ఎవరు, ఎండలో పనిచేసేవాళ్ళకు నీడెందుకు పెట్టలేదు అని వేలు చూపించి అడుగుతోంది. మళ్ళీ చప్పట్లు.

మెట్ల మీద ఆపాను ఆ పిల్లను.

“ఏం బిడ్డా, నిన్న సర్కారుది తప్పు కాదంటివి. ఒక్కరోజుల ఏం మారింది?”

“నిన్న నాకు అటువైపు వచ్చిందమ్మా. చీటీలు తీస్తరు. ఏ వైపు వస్తే ఆ వైపు మాట్లాడాలె. ఇంటర్వ్యూకు అలవాటు కావాలని.”

“మరి నీ మనసుల ఏమున్నది?”

నవ్వింది. “మనసులది చెప్తే మార్కులు రావమ్మా.”

వెనకాల దిగుతున్న పిల్లాడు ఎకసెక్కమాడాడు. “అమ్మా, నీ బొగ్గుల పెట్టె పొగ కూడ లెక్కకొస్తది. రేపు నీ మీదనే డిబేట్ పెడ్తం.”

“పెట్టు బిడ్డా. అప్పటిదాక నీ ప్యాంటు ముడతలతోనే తొడుక్కో.”

వాళ్ళు నవ్వుకుంటూ పోయారు. నేను బండి దగ్గరికి వచ్చి పెట్టెలో రాజుకున్న బొగ్గులను చాలాసేపు చూశాను. కాలేది ఇంతే కదా అనుకున్నాను. ఇంతేనా అని కూడా అనుకున్నాను.

ఆ వారమే చిక్కడపల్లిలో ఒక హాల్లో ఎండల గురించి సభ పెట్టారు. జనం కూడా మాట్లాడొచ్చని ఆ అమ్మాయే చెప్పి తీసుకుపోయింది. మా కులపంచాయితీలో లాగా ఇటూ అటూ విని పెద్దమనుషులు తీర్పు చెబుతారని అనుకున్నాను. అందుకే పోయాను. మైకు ఇస్తే లేచి నిలబడి ఆయన సంగతి చెప్పాను. బండి మీద నీడగా ఉన్న కానుగ చెట్టును ఆయన పోవడానికి నెల ముందే కొట్టేశారని కూడా చెప్పాను.

“ఏ డిపార్టుమెంటు వాళ్ళు కొట్టారమ్మా?” అని వేదిక మీది ఆఫీసరు అడిగాడు.

“లారీ మీద రాసున్నది సార్. నాకు చదువ రాదు.”

ఎవరో నవ్వారు. అప్పుడు చెప్పేశాను, ఎవరికీ చెప్పని మాట.

“పిట్టలు తెల్ల అంగీల మీద రెట్టేస్తున్నయని ఒక్క కొమ్మ కొట్టమన్నది నేనే సార్. వాళ్ళు మొదలుకంట కొట్టిన్రు. మా ఆయన పొద్దుగాలసంది ఎండలనే నిలబడి ఇస్త్రీ చేసిండు. ఆ మీద నేను మూట మోపించిన. ఇప్పుడు చెప్పున్రి, తప్పు నాదా, మీదా?”

మీ బాధ అర్థమైంది, మొక్కలు పంపిస్తాం అన్నాడు ఆఫీసరు. మేడ మీది గదిలో పాఠాలు చెప్పే సారు వెనక కూర్చున్న తన పిల్లల వైపు తిరిగి, “మంచి ఉదాహరణ, రాసుకోండి,” అన్నాడు. అందరూ తలలు వంచి రాసుకున్నారు. తర్వాత ఇంకొకాయన మాట్లాడాడు, ఆ తర్వాత చాయ్ ఇచ్చారు. తీర్పు ఎవరూ చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ అమ్మాయి నాతోనే నడిచింది. మా గల్లీ మలుపులో, “ఆ మూటల నా డ్రెస్సు కూడ ఉండె. జల్ది కావాలని నేనే ఫోన్ చేసిన,” అంది. కళ్ళు తుడుచుకుంది. నేను కొంత, ఈ పిల్ల కొంత తప్పు మీదేసుకుంటే ఇక సర్కారుకు ఏం మిగులుతుంది? అలాగని వాళ్ళదే అంటే, మూట ఇచ్చింది నా చెయ్యి కాదా?

అప్పటినుంచీ ఈ రెండింటి మధ్యే తిరుగుతున్నాను. ఒక పూట ఇటు, ఒక పూట అటు.

“ఇగ రాసుడు ఆపు బిడ్డా. తప్పు ఎవరి మీద పడ్డట్టు రాసినవో కాయితం చూస్తే నాకేం తెలుస్తది? మొదటిసంది చదువు. నిమ్మళంగ చదువు, వింట.”