మచ్చు పళ్ళెం

రాయచూరు ధాన్యం గంజ్‌లో బియ్యం బేరానికి వచ్చినవాడికి ముందు మచ్చు చూపిస్తారు. దోసెడు బియ్యం తీసి, రాళ్ళు ఏరి, నూక చెరిగి, తెల్లకాగితం మీద పోస్తారు. బస్తాలో ఉన్నవీ బియ్యమే, కాకపోతే కాస్త లోకం చూసిన బియ్యం. దీన్ని మేము మోసం అనం, మర్యాద అంటాం. పక్క కొట్లో పప్పులు అమ్మేవాణ్ణి కాబట్టి ఈ మర్యాద నాకూ బాగానే తెలుసు. కానీ ఒంట్లో ఉన్న రోగానికి కూడా మచ్చు చూపించవచ్చని కనిపెట్టిన ఘనత మాత్రం తిరుమలేశ్ వాళ్ళమ్మ వసంతలక్ష్మిది.

తిరుమలేశ్‌కు పాతికేళ్ళు దాటాయి. మంచివాడు, అంటే ఎవరేం పెట్టినా కాదనడు. పొద్దున ఇంట్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. కొట్టుకొచ్చాక ఏ హమాలీకి చాయ్ చెప్పినా తనకూ ఒకటి, చక్కెర ఎక్కువ. తండ్రి రంగా నుంచి అతనికి రెండు ఆస్తులు వచ్చాయి. ఒకటి బియ్యం కొట్టు, రెండోది చక్కెర జబ్బు. రంగాకు ముందు కాలి వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, ఆ తర్వాత మనిషే పోయాడు. చివరి రోజుల్లో ఒక్క బక్షం, అదే బొబ్బట్టు, పెట్టమని బతిమాలితే డాక్టరు మాట విని వసంతలక్ష్మి పెట్టలేదు.

"కడుపు మాడ్చుకొని పోయిండు నా మొగుడు. నా కొడుకును మాడ్చను" అని ఆనాడే ఒట్టు పెట్టుకుంది. ఆమె మీద కోపం వచ్చినప్పుడల్లా ఈ మాట గుర్తొచ్చి నాకు సగం చల్లారుతుంది. మిగిలిన సగంతోనే ఇదంతా చెబుతున్నాను.

కొడుకు రక్తపరీక్ష చూసి డాక్టరు, తిండి మారకపోతే మీ నాన్న దారే అన్నాడు. వయసులో ఉన్నవాళ్ళకు ఫోన్లోనే తిండీ నడకా నేర్పే కోచ్‌లు ఉన్నారని ఒక యాప్ పెట్టించాడు. అలా వచ్చింది గీతాంజలి. వీడియోలో కనిపించే ఆ అమ్మాయి బెంగళూరు మేడం అని గంజ్ అంతా అనుకున్నాం. తీరా ఆమె ఉన్నది మా జిల్లాలోనే, సింధనూరు పక్కన కాలువ కింద వలస వచ్చిన ఆంధ్రా రైతుల క్యాంపులో, వాళ్ళ నాన్న వరిపొలం ఎదుట. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఆమె మాట మాలో ఒక్కడూ వినేవాడు కాదు. తెలియకపోయినా వినలేదనుకోండి, అది వేరే విషయం.

గీతాంజలి పెట్టిన షరతు ఒక్కటే. "తినేముందు పళ్ళెం ఫోటో పంపండి. ఏం తిన్నా నేను తిట్టనండి. నిజంగా తినేదే పంపండి, చాలు."

ఈ చివరి మాట గంజ్‌లో పుట్టిన చెవికి ఎక్కదు. తూకం చూసేవాడైనా, లెక్క అడిగేవాడైనా, ఫోటో అడిగే పిల్లైనా మాకు అందరూ తనిఖీకి వచ్చినవాళ్ళే. తనిఖీకి వచ్చినవాళ్ళను సంతోషపెట్టి పంపడం మా ధర్మం. వసంతలక్ష్మి కొత్త స్టీలు పళ్ళెం ఒకటి తీసింది. అందులో సగం జొన్నరొట్టె, గోంగూరతో వండిన పుండికూర, మొలకెత్తిన పెసలు, దోసకాయ ముక్కలు అందంగా సర్దేది. ఫోటో తీసేదాకా నైవేద్యంలా ఎవరూ ముట్టుకోకూడదు. ఫోటో పోగానే ఆ పళ్ళెం పక్కకు, అసలు పళ్ళెం ముందుకు. ఆ రెండోదానిలో అన్నం కుప్ప, పప్పు, నెయ్యి, పండగ ఉన్నా లేకపోయినా ఒక బక్షం.

"గిట్ల చేస్తే నాకేం ఫాయిదా అమ్మా?" అని తిరుమలేశ్ ఒకసారి అడిగాడట.

"ఆ పిల్ల ఖుష్ అయితది, నీ కడుపు నిండుతది. ఇంకేం గావాలె?"

అన్నం పారేస్తే పాపం కాబట్టి మచ్చు పళ్ళెం ఆమే తినేది. నాలుగు వారాలు తిరిగేసరికి ఆమె మోకాళ్ళ నొప్పులు తగ్గి మెట్లు చకచకా ఎక్కడం మొదలుపెట్టింది. యాప్ పని చేస్తోందని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది.

పళ్ళెం బాగుంటే యాప్‌లో నక్షత్రాలు వస్తాయి. తిరుమలేశ్‌కు రోజూ ఐదుకు ఐదు. కొడుకు చదువులో ఏనాడూ రాని మార్కులు తిండిలో వస్తుంటే ఏ తల్లి మాత్రం ఊరుకుంటుంది? జబ్బు సంగతి కడుపులో దాచుకొని, నక్షత్రాల సంగతి ఊరంతా చాటింది. "మా పిలగాడు ఫిట్‌నెస్ కోర్సు చేస్తున్నడు. బెంగళూరు మేడం దినాం ఐదు స్టార్లు ఇస్తది" అని, ఫోటోలతో సహా.

రక్తానికి మాత్రం మచ్చు సంగతి తెలియదు. మళ్ళీ పరీక్ష చేస్తే చక్కెర ఎక్కడిదక్కడే ఉంది. గీతాంజలి తన దగ్గరున్న ఫోటోలన్నీ డాక్టరుకు పంపింది. ఇంత నిష్ఠగా తింటున్నా దిగలేదంటే మందు చాలడం లేదని ఆయన బిళ్ళల మోతాదు పెంచాడు. నేను తిరుమలేశ్‌ను కొట్లోంచి బయటికి పిలిచి, నిజం చెప్పి చావరా అన్నాను. "చెప్తే అమ్మ నారాజ్ అయితది మామా" అన్నాడు.

ఇంతలో కవితాళ నుంచి సంబంధం వచ్చింది. జొన్నల వ్యాపారి ఆంజనేయ శెట్టి, ఆయన కూతురు ధనశ్రీ. పెండ్లిచూపులకు పెద్దమనిషిగా నన్నూ బండి ఎక్కించారు. పొద్దున్నే తిరుమలేశ్ ఉగ్గాని ముందు కూర్చుంటే తల్లి పళ్ళెం లాగేసింది. "వాళ్ళింట్ల బక్షాలు పెడ్తరు. కడుపు ఖాళీ పెట్టుకో." బుద్ధిమంతుడు కాబట్టి అతను మోతాదు పెంచిన బిళ్ళ ఒక్కటే మింగి బయల్దేరాడు. కవితాళ చేరాక రాహుకాలం పోయేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు.

చివరికి వడ్డనకు పిలిచారు. మాకందరికీ విస్తళ్ళలో బక్షాలు, చిత్రాన్నం, బజ్జీలు. పెండ్లికొడుకుకు మాత్రం విడిగా ఒక స్టీలు పళ్ళెం. సగం జొన్నరొట్టె, పుండికూర, మొలకెత్తిన పెసలు, దోసకాయ ముక్కలు. ధనశ్రీ స్వయంగా తెచ్చి ముందు పెట్టింది.

"మీ అమ్మ మాకు పంపిన ఫోటో చూసి చేసిన. దినాం గిదే తింటరంట గదా" అంది.

వసంతలక్ష్మి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తిరుమలేశ్ నా విస్తట్లో బక్షం చూశాడు, తల్లిని చూశాడు. అలవాటు కొద్దీ ఫోటో తీసి పంపాడు. తర్వాత ఆ పళ్ళెం జీవితంలో మొదటిసారి తిన్నాడు. ఫోన్ టింగుమంది, ఐదు నక్షత్రాలు.

చేతులు కడుక్కునేలోపే అతని చొక్కా చెమటతో తడిసిపోయింది. వేళ్ళు వణుకుతున్నాయి. ధనశ్రీ ఏదో అడిగితే నాలుక మడతపడింది. ఎండదెబ్బ అన్నాడు ఆంజనేయ శెట్టి. దిష్టి అంది ఎవరో ముసలామె. నేను తిరుమలేశ్ ఫోన్ లాక్కొని గీతాంజలికి కలిపి, అందరికీ వినపడేలా పెట్టాను.

"ఒంట్లో చక్కెర పడిపోయినట్టుందండి. మింగగలుగుతున్నారా? అయితే చక్కెర నీళ్ళు పట్టండి, ఇప్పుడే!" అంది ఆమె.

"చక్కెర వద్దు!" వసంతలక్ష్మి లేచింది. "ఏం లేదు, మజ్జిగ ఇయ్యండి. ఎండకు గట్లనే అయితది."

నాకు ఒళ్ళు మండింది. "ఇంట్ల పూటకో బక్షం కుక్కితివి గదమ్మా! చెంచెడు చక్కెరకు ఇక్కడ సిగ్గా?" అని అరిచాను. అప్పటికే ధనశ్రీ వంటింట్లోకి ఉరికి, గ్లాసు తెచ్చి అతని నోటికి పట్టింది.

ఫోన్లో గీతాంజలికి మాత్రం అర్థం కాలేదు. "రోజూ ఇదే కదండీ తింటున్నారు? రోజూ లేనిది ఇవాళెందుకు పడిపోయారు?"

ఆ జవాబు నాది కాదు, నేను చెప్పలేదు. వసంతలక్ష్మి కొడుకు తడి జుట్టు మీద చెయ్యి వేసింది. "తినలేదమ్మా," అంది. "ఆ పళ్ళెం నా కొడుకు ఇంట్ల ఒక్కనాడు గూడ తినలేదు. నేను తిన్న." అని బావురుమంది. రంగా పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవడం నేను చూడలేదు.

తిరుమలేశ్ తేరుకున్నాడు. అక్కడి డాక్టరుకు చూపించి, బయల్దేరేముందు ఆంజనేయ శెట్టి గుమ్మం దాకా వచ్చాడు. కోపం లేదు, జొన్నల బేరం మాట్లాడినంత నిదానంగా మాట్లాడాడు.

"షుగర్ ఉన్నదని కాదమ్మా, నాకూ ఉన్నది. గంజ్‌ల మచ్చు ఒకటి, మాలు ఒకటి అయితే ఏం చేస్తం? బండి వాపస్ పంపుతం గదా."

మా బండి వాపసొచ్చింది.

మర్నాడు డాక్టరు నిజం విని, తిట్టాల్సినంత తిట్టి, బిళ్ళ మోతాదు తగ్గించాడు. మధ్యాహ్నం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి తిరుమలేశ్ భోజనానికి కూర్చున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, ముందు మామూలు అన్నం కుప్ప, నెయ్యి, బక్షం ఉన్నాయి. అతను ఫోన్ తీసి దానికే ఫోటో తీయబోయాడు. వసంతలక్ష్మి పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దురా! ఆ పిల్ల చూస్తే ఏమనుకుంటది? ఇజ్జత్ పోతది."

"ఫోటోల పోతేనే సిగ్గా అమ్మా? నా కడుపులకు పోయేటప్పుడు లేదా?" అన్నాడు. ఏనాడూ ఎవరినీ ఏమీ అనని పిల్లవాడు.

ఆమె చెయ్యి తీయలేదు. ఇంకో చేత్తో బక్షం తీసి పక్కన పెట్టింది. తర్వాత సగం అన్నం గిన్నెలోకి తీసేసి, తన పళ్ళెంలోని పుండికూర అతనికి వడ్డించింది. "ఇగ తియ్యి" అంది.

అతను ఫోటో పంపి, అందులో ఉన్నదే తిన్నాడు. నక్షత్రాలు ఎన్ని వచ్చాయని ఆమె అడగలేదు.