ఆళ్లగడ్డలో అమ్మవారి కళ్లు, కదలని వీడియో కాల్

మా పెద్దమ్మ కొడుకు వీరన్న ఆళ్లగడ్డలో శిల్పి. నాలుగు నెలలుగా చెక్కుతున్న అమ్మవారి విగ్రహానికి ఇక ఉలితో కళ్లు తెరవడమే మిగిలింది. విగ్రహం చేయించుకుంటున్నది సున్నిపెంట దగ్గరి ఊరివాళ్లు. ముసలివాళ్లు అంతదూరం రాలేరని, వీడియో కాల్‌లోనైనా తమ ఎదుటే కళ్లు తెరవాలని, లేదంటే విగ్రహం తీసుకోబోమని తేల్చి చెప్పారు. ముహూర్తం మధ్యాహ్నం పన్నెండులోపే. పొద్దున్నే అన్న ఫోన్ చేశాడు. "పాపా, నువ్వెక్కించిన లినక్సులో వీడియో బొమ్మ కదలడంల్యా. బేగా రా." అన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది నిజంగా నేనే. కాఫీ సగంలో వదిలేసి బయల్దేరాను.

నంద్యాల బస్టాండులో ఎనిమిదిన్నరకు పల్లెవెలుగు దొరికింది. ఆడవాళ్లకు ఉచితం, ఆధార్ దగ్గరుంటే చాలు. శిరివెళ్ల మీదుగా మామూలుగా గంటకు పైన పడుతుంది. ఆ రోజు దారంతా వడ్ల ట్రాక్టర్లే. డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని వాచీ చూసుకుంటూనే ఉన్నాను.

"అన్నా, పదింటికల్లా పోతామా?"

"ట్రాక్టర్ల మీద ఎక్కించి తోలమంటావా ఏందమ్మా? కూసో."

ఆళ్లగడ్డలో దిగి ఆటో ఎక్కి అన్న షెడ్డు చేరేసరికి పది దాటింది. వదిన ఉగ్గాని, బజ్జీ పెట్టింది. ప్లేటు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

అది రేకుల షెడ్డు, లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు. పక్కనే ఉన్న అన్న ఇంట్లోంచి వచ్చే వైఫై ఒక్కటే దిక్కు. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి, బయటి సైట్లకు కాకుండా ముందు ఇంట్లోని రౌటర్‌కే, ఉన్నావా అని పలకరించే పింగ్ కొట్టాను. గోడ అవతలి డబ్బా జవాబివ్వడానికి సెకన్లు తీసుకుంటోంది, ఒక్కోసారి అసలు ఇవ్వడమే లేదు. అంటే తప్పు బయటి లైనులో లేదు, ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యే ఉంది. లినక్స్‌లో వైఫైకి కరెంటు పొదుపు చేసే సెట్టింగు ఒకటుంటుంది, దాన్ని ఆపేశాను. కాస్త నయమనిపించి మళ్లీ మొదటికొచ్చింది. చూస్తుండగానే పదకొండు దాటింది. అన్న ఉలి పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

"అయితాదా పాపా?"

"అయితాదిలే అన్నా" అన్నాను, నాకే నమ్మకం లేకుండా. అప్పుడు అడగాలని తోచింది. "వదినా, రౌటర్ యాడుంది?"

"ట్రంకు పెట్టెలో. రాతిదుమ్ము పడి పాతది చెడిపాయ గదా. మొన్న పెట్టెకు బొక్క కొట్టించి, తీగ లోపలికి దూర్చి, పైన రెండు చీరలు కప్పి మూత ఏసినా."

ఇనుప పెట్టె! ఇనుములోంచి వైఫై బయటికెట్లా వస్తుంది? నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉన్నపళాన రౌటర్‌ను బయటికి తీసి షెడ్డు వైపు కిటికీలో పెట్టాం. పింగ్ టకటకా పలికింది, పన్నెండు కొట్టకముందే కాల్ కలిసింది. తెర నిండా ఆ ఊరి జనం.

ల్యాప్‌టాప్‌ను విగ్రహానికి ఎదురుగా పెట్టబోతే వదిన నా చెయ్యి పట్టి లాగింది. "ఎదురుగా ఎవురూ ఉండగూడదు. మొదటి సూపు మనుసుల మీద పడగూడదు, అమ్మ మొదట అద్దంలోనే సూడాల." పక్కకు జరిపాను. అన్న విగ్రహం కళ్ల మీద ఉలితో చివరి దెబ్బలు వేసి, తప్పుకుని అమ్మవారి ముందు అద్దం ఎత్తాడు. సరిగ్గా అప్పుడే తెర మీద జనం కదలడం ఆగిపోయింది. వైఫై మళ్లీ మొరాయించిందనుకున్నాను. కాల్ కట్ చేసి మళ్లీ కలుపుదామని వేలు పెట్టబోతే అన్న ఆపాడు. "ఉండు పాపా, సూడు." తెర మూలన ఒక అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది.

సాయంత్రం బస్సులో నంద్యాలకు తిరిగి వస్తుంటే పొద్దుటి భయమంతా తలచుకుని నవ్వుకున్నాను. పెట్టెలోంచి తీసిన రౌటర్ మీద నేను బయల్దేరేసరికే దుమ్ము పేరుకుంది. వదిన దాని మీద కప్పడానికి కొత్త గుడ్డ వెతికింది, మళ్లీ పెట్టెలో పెట్టి మూత మాత్రం వేయనని మాటిచ్చింది. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: తెర కదలడం లేదని వెంటనే కాల్ కట్ చేయకండి. అవతలివాళ్లు దణ్ణం పెట్టుకుంటూ ఉండవచ్చు.