మావయ్య చెవులు

మాది శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డు. స్మార్ట్‌ఫోన్లు మా పడవల్లోకి కొత్తగా వచ్చిన రోజుల్లో, గాలివాన హెచ్చరికలిచ్చే యాప్‌కి ఇంటి నుంచే పనిచేసేదాన్ని. ఫీచర్ ఫ్లాగులంటే యాప్‌లోని సదుపాయాలకు స్విచ్చుల్లాంటివి. కమాండ్ టైపు చేసి వాటిని ఆన్, ఆఫ్ చేయడం నా పని.

ఒక సాయంత్రం పరీక్షకు పెట్టుకున్న ఫోన్లలో మాత్రమే హెచ్చరికను చదివి వినిపించే గొంతు ఆపాలి. ఏయే ఫోన్లకో కమాండ్‌లో రాయకుండానే ఎంటర్ నొక్కేశాను. అందరి ఫోన్లూ మూగబోయాయి. అది తెల్లారాక గానీ చూసుకోలేదు.

అప్పటికే మావయ్య వేటకెళ్లిపోయాడు. ఆయనకు చదువు రాదు, ఆ గొంతే ఆధారం. గాలి లేచింది. కమాండ్ సరిచేసి ఒడ్డుకు పరిగెత్తాను. మధ్యాహ్నానికి వల పోగొట్టుకుని, వణుకుతూ వచ్చాడు.

"ఫోను అరిసే ఉంటాది అమ్మీ, నాకే ఇనబడనేదు. సెవులు పోనాయి," అన్నాడు.

చెవుల డాక్టరుకి చూపించమంటే తీసుకెళ్లాను. చెవులు శుభ్రంగా పనిచేస్తున్నాయన్నాడు డాక్టరు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మావయ్య, "మరి ఆ రోజెందుకు ఇనబడనేదు అమ్మీ?" అన్నాడు.

వినబడనట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.