మోగని హారన్

విమానానికి హారన్ ఉంటుందంటే బావమరిది పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. "ఎవర్ని తప్పుకోమంటారు బావా, కాకుల్నా?" అనేవాడు. ఉంటుందిరా నాయనా, ముందు చక్రం ముడుచుకునే గూట్లో ఉంటుంది, పైన కూర్చున్న పైలట్ కింద నిలబడ్డ మాలాంటివాళ్ళని పిలవడానికి నొక్కుతాడు, గాల్లోకి లేచాక దాంతో పనిలేదు అని ముప్ఫై ఏళ్ళుగా చెప్పీ చెప్పీ మెకానిక్‌కి నోరు నొప్పి పుట్టింది. చివరికి ఆ హారనే అతని కొంప ముంచింది.

ఆ పొద్దున ఒక విమానం ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. కింద హెడ్‌సెట్ పెట్టుకుని పైలట్‌తో మాట్లాడాల్సినవాడు మెకానికే. మూడుసార్లు హారన్ కొట్టినా మీవాడు ఉలకలేదు, పలకలేదు అని పైలట్ ఫిర్యాదు చేసి మరీ వెళ్ళాడు. మెకానిక్ అప్పుడు ఎక్కడో లేడు. హెడ్‌సెట్ ఇంకా తగిలించుకోలేదు గానీ, ఆ చక్రం పక్కనే ఉన్నాడు. ఏ మోతా రాలేదు.

సూపర్‌వైజర్ నిన్నగాక మొన్న ఇతని చేతికింద పని నేర్చుకున్నవాడు. ఎంతో దయగా మాట్లాడాడు. ఆ దయకే మెకానిక్‌కి ఒళ్ళు మండింది.

"బాబాయ్, ఇన్నేళ్ళు ఇంజిన్ల పక్కన నిలబడితే ఎవరి చెవులైనా పోతాయి. సిగ్గుపడకు."

"నా చెవులు నిక్షేపంలా ఉన్నాయి. హారనే మోగలేదు."

"మోగుతున్నట్టు కాగితాల్లో ఉంది కదా. రేపు చెవుల పరీక్షకి వెళ్ళు. పాసయ్యావా, సరే. లేదంటే హాయిగా స్టోర్‌లో కూర్చో."

స్టోర్ అంటే కిటికీ కూడా లేని గది. అడిగినవాళ్ళకి నట్లూ బోల్టులూ అందించడం, మళ్ళీ కూర్చోవడం. విమానం అనేది కంటికి కనబడదు. అక్కడికి పంపడం కన్నా నాలుగు తన్నినా బాగుండు అనుకున్నాడు.

మధ్యాహ్నానికి సంగతి అందరికీ పాకింది. సామాన్లు ఎక్కించేవాళ్ళు ఇతనితో మాటలు మానేసి చేతులతో సైగలు మొదలుపెట్టారు. క్యాంటీన్ వాడు చెవి దగ్గరకొచ్చి, టీ కావాలా అని అరిచాడు. మనసాగక భార్యకి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకుంటే ఆవిడ, "నేను పిలిస్తే మాత్రం ఏనాడు పలికారు గనక?" అంది. ఆవిడ నవ్వించడానికే అంది. ఇతను ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం అదే విమానం తిరిగొచ్చింది. మెకానిక్ ఎలక్ట్రీషియన్ అమ్మాయిని బతిమాలి పైకెక్కించాడు. తను చక్రం దగ్గర నిలబడ్డాడు.

"నొక్కవే అమ్మా."

"నొక్కుతూనే ఉన్నా బాబాయ్," అని ఆ అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టింది.

చడీ లేదు, చప్పుడూ లేదు. మెకానిక్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు పిలవండి ఆ సూపర్‌వైజర్‌ని, ఎవరు చెవిటివాళ్ళో తేల్చేద్దాం అని అక్కడే చిందులు తొక్కాడు. అమ్మాయి దిగొచ్చి, చక్రం గూట్లోకి టార్చి వేసి చూసింది.

"వైరు ఊడింది. ఇవాళ ఊడింది కాదు, కొస పచ్చగా చిలుం పట్టేసింది. నెలకి తక్కువుండదు." ఆగి, గొంతు తగ్గించింది. "పొద్దున హారన్ చెక్ చేసినట్టు సంతకం ఎవరిది బాబాయ్?"

సంతకం అతనిదే.

హారన్ చెక్ చెయ్యాలంటే పైన ఒకరు నొక్కాలి, కింద ఒకరు వినాలి. పొద్దున డ్యూటీకి పంపేది ఒక్కణ్ణే. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా రెండోమనిషిని ఇచ్చిన పాపాన పోలేదు. అందుకని అందరూ టిక్కు పెట్టేసి, సంతకం గీకేసి చక్కా పోతారు. ఆ నెలలో ఇతనివే పదకొండు సంతకాలు. దొంగ సంతకమని తేలితే లైసెన్సు లాగేసుకుంటారు. ఆ తర్వాత స్టోర్ కూడా ఉండదు, గేటు బయటే. ఛీ, ఏం బతుకిది! చెవులు బాగున్నాయంటే హారన్ చెడిందన్నమాట. హారన్ చెడిందంటే తను అబద్ధం రాశాడన్నమాట.

అమ్మాయి వైరు బిగించింది. ఈసారి హారన్ దిక్కులు పిక్కటిల్లేలా మోగింది. "నేనైతే ఎక్కడా రాయను. ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం," అంది.

మర్నాడు అద్దాల గదిలో కూర్చోబెట్టి, డాక్టరమ్మ అతని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది. చేతికి చిన్న బటన్ ఇచ్చింది. "శబ్దం వినబడగానే నొక్కండి, అంతే," అని తలుపు వేసి అవతల కూర్చుంది.

మొదటి శబ్దం గంట కొట్టినంత స్పష్టంగా వినబడింది. రెండోది సన్నగా వచ్చింది, అదీ వినబడింది. మూడోది దోమ రొదంత కూడా లేదు, అయినా వినబడింది. ఇంజిన్ల హోరులో ముప్ఫై ఏళ్ళు దూది కుక్కుకుని, పైన చప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకుని, తోటివాళ్ళు నవ్వినా మానకుండా కాపాడుకున్న చెవులు మరి. వాటి మీద అతనికి ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

బొటనవేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు.

అద్దం అవతల డాక్టరమ్మ అతనివంక జాలిగా చూసి, శబ్దం ఇంకాస్త పెంచింది.