నేనాపిన బస్సు

బస్సు ఆపమని నన్ను పంపిండ్రు. ఆపిన. ఆపలేదని మెదక్‌ల ఎవ్వలన్న అంటె అది అబద్ధం. ఆపినంక ఏమైందన్నదే ముచ్చట. నవ్వితె నవ్వుండ్రి గని, మా యాదగిరన్న ముందట నవ్వకుండ్రి. ఆయన ఇంక కోపం మీదనే ఉన్నడు.

మొన్నటి బంద్ సంగతి. మన తెలంగాణ మనకు కావాలెనని ఊర్లన్ని లేసినయి గద. మా గల్లీ యాదగిరన్న కాలేజీల సదువుతుండు, మెదక్‌ల వాలంటీర్లను జమజేసేది ఆయనే. నేను నాలుగో తరగతి కాడ బడి ఇడిసిపెట్టి సైకిల్ షాపుల పంచర్లు ఏసుకునేటోణ్ణి. నలుగురుంటె నా నోరు లేవది. గసుంటి నేను మీటింగుల శెయ్యెత్తి, "రామాయంపేట తొవ్వల పొద్దుగాలటి బస్సు నేనాపుత" అన్న. యాదగిరన్న కండ్లద్దాలు తీసి మల్ల పెట్టుకొని సూసిండు. "నువ్వా కిష్టా?"

ఎందుకన్ననో మీకు చెప్త, మీ కడుపులనే ఉంచుకోండ్రి. మిషన్ బడి దేవదానం సారు బిడ్డ సుగుణ గదే బస్సుల హైదరాబాద్ పోతున్నదట, నర్సు ట్రైనింగుకు. సైకిలుకు గాలి కొట్టిచ్చుకుంట సారే చెప్పిండు. ఆ సైకిలు పంచరైతె షాపు కాడికి నడిపిచ్చుకుంట తెచ్చేది సుగుణనే. నేను ట్యూబు నీళ్ళల్ల ముంచి బుడగలు సూస్తుంటె తను గూడ వంగి సూసేది. "గదో, గాడ" అని ఏలు పెట్టి సూపిచ్చేది. మా ఇద్దరి నడుమ ముచ్చటంటె గంతే, బుడగలు దాటి పోలె. ఇగ తను పోతె ఆ సైకిలు సారే తెస్తడు. బస్సు ఒక్క రోజు ఆగితె, ఆ రోజుల ఒక్క మాటన్న మాట్లాడుత అనుకున్న. ఏం మాటనో అది నాకు గూడ తెల్వది.

"ఇంకిద్దరు జెండ పట్టుకొని వస్తరు, నువ్వు ముందుగాల పోయి నిలవడు. బస్సు రాంగనే గట్టిగ 'రస్తా రోకో' అను" అన్నడు యాదగిరన్న. ఇంటెనుక బాయి కాడ పోయి నేర్సుకున్న. రస్తా రోకో, రస్తా రోకో. "ఎవల్ని ఆపుతున్నవ్ రా బాయిల?" అన్నది మా అవ్వ.

తెల్లారి వాలంటీరు బ్యాడ్జి పెట్టుకొని ఊరి బయట మలుపు కాడ నిలవడ్డ. జెండ రాలె. జెండ తెచ్చేటోళ్ళు రాలె. బస్సు వచ్చింది.

తొవ్వ నడిమిట్ల నిలవడాలె గద. సిగ్గైంది. అంచుకు నిలవడి శెయ్యి లేపిన. రస్తా అన్నది లోపల్నే ఉండిపోయింది, రోకో ఒక్కటే బైటికొచ్చింది. అది గూడ ఉత్తగ రాలె. "జరా రోకో" అని వచ్చింది.

బస్సెక్కేటోళ్ళందరు అనేది గూడ గదే గద. డ్రైవరు మంచోడు, ఆపిండు. కండక్టరు తలుపు తీసి, "జల్ది ఎక్కు. బంద్ జేసేటోళ్ళొస్తె నువ్వు గూడ ఈడనే ఉంటవ్" అన్నడు.

ఆ బంద్ జేసేటోణ్ణి నేనే అని చెప్పాలె. బస్సు నిండ మంది నన్నే సూస్తుండ్రు. కిటికి కాడ సుగుణ, పక్కన సారు. "ఎక్కు నాయినా, నీ కోసమే ఆపిండు" అన్నది ఒక ముసలవ్వ. గంత మంచిగ పిలుస్తె కాదని ఎట్లంటరు? ఎక్కిన. బ్యాడ్జి మీద తువ్వాల కప్పుకున్న.

"రైట్" అన్నడు కండక్టరు.

సారు తిరిగి సూసిండు. "ఏం కిష్టా, ఏడికి?"

"ట్యూబులు తేనీకి సార్, రామాయంపేట."

"బంద్ నాడు దుకాణమేడ తెరుస్తరు?"

"పోయి అడుగుత సార్."

సుగుణ కిటికి దిక్కు మొకం తిప్పుకుంది. నవ్వుతుందో ఏమో, జడ కదులుతుంది. రామాయంపేట దాక నేను ఆ జడ ఎనుకనే నిలవడ్డ. ఒక్క మాట కోసం ఎతికిన. చేండ్లు పోతున్నయి, ఊర్లు పోతున్నయి. "గాలి మంచిగొస్తుందా" అని అడుగుదామనుకున్న. అది టైరును అడిగేటి మాట లెక్క అనిపిచ్చి ఊకున్న.

రామాయంపేట కాడ తొవ్వకడ్డం ఎడ్లబండి, రాళ్ళు, జెండలు. ఆడున్నోళ్ళు నా లెక్క కాదు. మస్తు మంది బస్సును సుట్టుకొని అందర్ని దింపిండ్రు. దిగుతుంటె నా తువ్వాల తలుపుకు తట్టుకొని ఊడింది.

"అరే, వాలంటీరే బస్సుల తిరుగుతుండు సూడుండ్రి" అన్నడొకడు. "ఏ ఊరు?"

"మెదక్."

"ఆడ బస్సులాపే డ్యూటీ ఎవనిది?"

"నాదే" అన్న.

నవ్విండ్రు. డ్రైవరు గూడ నవ్విండు. సుగుణ నవ్వలె, నా బ్యాడ్జి దిక్కే సూస్తుంది.

సారు ముందటికి పోయి ఆళ్ళ లీడరుకు దండం పెట్టిండు. "పొద్దుగూకే లోపట బిడ్డను దవాఖానల చేర్పియ్యాలె. లేకుంటె సీటు ఇంకొకరికిస్తరు." గంత సంగతి నాకు తెల్వది. లీడరు గడ్డం గోక్కున్నడు. "దవాఖాన పనంటె వదలొచ్చు గని, ఇది మెదక్ బస్సు. మెదక్ వాలంటీరు ఈడనే ఉన్నడు. ఏమంటవ్ తమ్మి? వదలాల్నా, ఆపాల్నా?"

తొవ్వ నిండ మంది నా దిక్కు సూస్తుండ్రు. ఆపుండ్రి అంటె సాలు. సీటు పోతది, సుగుణ మెదక్‌కు మల్ల వస్తది. ఆ మాట నాలుక మీదికొచ్చింది గూడ. సుగుణ ట్రంకు పెట్టె కింద పెట్టలె. రెండు శేతుల్ల పట్టుకొని నిలవడ్డది.

"పోనియ్యుండ్రి" అన్న. గట్టిగనే అన్న. పుట్టినంక గంత గట్టిగ ఏమాట అనలె. రాళ్ళు జరిపిండ్రు, నేను తప్ప అందరు మల్ల ఎక్కిండ్రు.

బస్సు కదులుతుంటె సుగుణ కిటికీలకెంచి తల బైటపెట్టింది. "క్రిస్మస్‌కొస్త. ఆ రోజు ఆపకుండ్రి" అన్నది. ఊర్ల అందర్ని అన్నా, అన్నా అంటది. నన్ను అనలె. మీరు గమనించిండ్రో లేదో.

బస్సులు బంద్ గద, నడుసుకుంటనే ఇల్లు జేరిన. నాకంటె ముందు ఖబరు జేరింది. "ఉద్యమంల నువ్విచ్చిన ఆర్డరు ఒక్కటి, గది గూడ బస్సు వదలమని" అన్నడు యాదగిరన్న.

నిన్న మల్ల మీటింగైంది. వచ్చే బంద్ ఎప్పుడు పెడదామని మాట నడిసింది. నేను లేసి నిలవడ్డ. "ఎప్పుడన్న పెట్టుండ్రి గని, క్రిస్మస్‌కు వద్దు."

"ఏం రా," అన్నడు యాదగిరన్న, "కిరస్తానంల కలిసినవా?"

"ఇంకా లేదన్నా" అన్న.