గంజిలో వేసిన ఉప్పు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా కడుపులో పెట్టుకొని తిరుగుతున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెబుతున్నాను.

సూరత్‌కు వలస వచ్చిన నేత పనివాళ్ల ఇల్లు మాది. మా ఆయన, కొడుకు కారఖానాలో పవర్‌లూమ్ నడిపేవారు. కారఖానా రేకుల కప్పు కింద మనిషి చెమటకే సొమ్మసిల్లుతాడు. అందుకని రోజూ పెద్ద కుండెడు గంజి కాచి, పిడికెడు ఉప్పు వేసి పంపేదాన్ని. గల్లీలో నా గంజికి పేరుండేది.

కరోనా మొదటి ఏడాది మగ్గాలు బందయ్యాయి. బియ్యం తక్కువై చిన్న గిన్నెలో కాచేదాన్ని. గిన్నె తగ్గింది గానీ నా పిడికిలి తగ్గలేదు. ఒకరోజు పొద్దున మా ఆయన ఒక గుక్క తాగి, "ఏందే, హజీరా సముద్రం గిన్నెలకొచ్చిందా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

అదే రోజు రెండేళ్ల మనవరాలికి విరేచనాలు పట్టుకున్నాయి. బయటికి పోతే కరోనా అంటుతుందని భయం. నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని నా తెలివి. అందుకని ఆ గంజే తాగించాను. చిన్నది పెదవులు తడుపుకుంటూ గ్లాసు కోసం చేతులు చాచేది. గంజి రుచికే అడుగుతోందనుకున్నాను. అది దాహమని, ఇద్దరు పిల్లల్ని పెంచిన నాకు ఎందుకు తెలియలేదు?

సాయంత్రానికి పిల్ల మెడ వాల్చేసింది. దారిలో ఆపిన పోలీసులను బతిమాలుకుంటూ దవాఖానకు చేరాం. రక్తంలో ఉప్పు పెరిగిందని, ఇంత పిల్లకు రోజు మొత్తానికి అర చెంచా ఉప్పు కూడా ఎక్కువేనని డాక్టరమ్మ చెప్పింది. ఏం పెట్టారని అడిగింది. పొద్దున రెండు గుప్పిళ్ల గాఠియా, అదే ఉప్పటి శనగపిండి జంతికలు, పెట్టానని కోడలు దాచకుండా చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అత్తమ్మా, గంజిల ఉప్పు ఎంతేసినవ్?"

"చిటికెడు, బిడ్డా."

కొడుకు ఆమె మీద పడ్డాడు. "గాఠియా తినవెట్టి మా అమ్మను అడుగుతున్నవా? జర అకల్ ఉన్నదా నీకు?"

కోడలు పిల్ల మంచం దగ్గరికి పోయింది. మా ఆయన నేల చూశాడు. పొద్దున తాను తాగిన ఉప్పు గుక్క ఆయనకు గుర్తుందో, మరిచాడో, అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఎందుకు అబద్ధమాడాను? కొడుకు భయమా? గంజికున్న పేరు పోతుందనా? ఆ మాట నేను ఆలోచించేలోపే నోటి నుంచి వచ్చేసింది. కానీ తర్వాత వచ్చిన ప్రతి రోజూ నేను ఆలోచించే నోరు మూసుకున్నాను.

నాలుగు రోజులకు పిల్ల దక్కింది. కోడలి మనసు మాత్రం ఆ దవాఖాన నుంచి ఇంకా రాలేదు. ఏ పెళ్లిలోనైనా పిల్ల అప్పడం ముక్క ముట్టుకుంటే గబుక్కున లాక్కుంటుంది. "వచ్చింది మా ఉప్పు డాక్టరమ్మ" అని కొడుకు నలుగురిలో ఎగతాళి చేస్తాడు. ఆ నలుగురిలో నేనూ ఉంటాను.

కోడలు పుట్టి పెరిగింది ఇక్కడే, చదివింది గుజరాతీలో. తెలుగు అక్షరాలు రావు. అందుకే ధైర్యంగా రాస్తున్నానా? అందుకే. నా పిరికితనాన్ని కూడా మీ ముందు పెడుతున్నాను. నన్ను క్షమించమని అడగను, ఆ హక్కు మీకు లేదు. పిల్లను దవాఖాన పాలు చేసింది నేను. కోడలు కాదు. ఈ రెండు ముక్కలు రాసేసరికి చెమట పట్టింది. ఊపిరి మాత్రం కొంచెం తేలిగ్గా ఆడుతోంది.