నూతి దగ్గర స్నానం చేసి రమ్మన్న ఇల్లు

1967 వేసవి చివర్లో నన్ను స్టాఫ్ నర్సుగా శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నం వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి వేశారు. విశాఖలో నర్సింగు, దానితోపాటు మంత్రసానిత్వం చదువుకుని వచ్చినదాన్ని. ఆసుపత్రిలో పైనుంచి కిందికి వరస ఇది: డాక్టరుగారు, కాంపౌండరు, నేను, ఇద్దరు ఆయాలు. నర్సుకి క్వార్టర్సు లేవు. అద్దెకి గది అడిగితే, అందరి నెత్తురూ ముట్టుకునే మనిషి మాకొద్దంటూ ఊళ్లో మొహం మీదే తలుపులేశారు.

చివరికి సూరమ్మగారనే రైతు ఇల్లాలు పెరటివైపు గది ఇచ్చింది. డ్యూటీ నుంచి రాగానే నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టలతోనే నా గదిలోకి వెళ్లాలని షరతు. వాళ్ల ఇంట్లో అడుగు పెట్టకూడదు. అవసరం నాది కనక ఒప్పుకున్నాను.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి సూరమ్మగారి కోడలు పార్వతికి ఇంట్లోనే కాన్పయింది. కాన్పు చేసిన మంత్రసాని నీలమ్మ పెరట్లోకి పరిగెత్తుకొచ్చి, "సిస్టరమ్మా, మాయ పడిపోనాది గానీ నెత్తురాగడం నేదు, బేగి రా!" అంది. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకుని గట్టిపడాలి. అలా గట్టిపడకపోతే రక్తం ధారకట్టి నిమిషాల్లో మనిషి పోతుంది. ఆసుపత్రివాళ్ల కాన్పుల సంచి నా దగ్గరే ఉండేది. అది పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్తే సూరమ్మగారు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ముందు తానం సేసీసి రామ్మా. దేవుడి గది దాటాల. ఈలోగా ఏటైపోతాది?"

లోపల కోడలు పోతోంది, గుమ్మంలో ఈవిడ మడి! నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు రాస్తున్నా మండుతూనే ఉంది. ఆవిడ చెయ్యి తోసేసి బూట్లతోనే లోపలికి వెళ్లాను.

పార్వతి పెదాలు తెల్లగా పాలిపోయాయి. నాడి అందీ అందకుండా ఉంది. పొట్ట మీద చెయ్యి వేస్తే గర్భసంచి పిండిముద్దలా తగిలింది. ఆమె మొగుణ్ణి డాక్టరుగారి కోసం తరిమి, నేను రుద్దడం మొదలుపెట్టాను. చేతికింద కొబ్బరికాయలా గట్టిపడేదాకా అలా రుద్దుతూనే ఉండాలి. కాసేపు నీలమ్మ చేత రుద్దిస్తూ, మరిగించి గుడ్డలో చుట్టి ఉంచుకున్న సిరంజితో తొడకి ఎర్గోమెట్రిన్ ఇచ్చాను. గర్భసంచి ముడుచుకోవడానికి ఇచ్చే మందు అది. రక్తం తగ్గుముఖం పట్టింది.

అప్పటికి డాక్టరుగారు వచ్చారు. పొద్దుటినుంచీ నాతోపాటే వార్డులో చీముగడ్డలు కోసిన మనిషి. అవే బట్టలు, అవే బూట్లు. దేవుడి గది మీదుగానే వచ్చి సెలైను ఎక్కించారు. సూరమ్మగారు ఆయనకి కుర్చీ తుడిచి వేసింది, వెండి గ్లాసులో కాఫీ పోసి ఇచ్చింది.

పార్వతి బతికింది. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి నా పెట్టె, పరుపు పెరట్లో పడి ఉన్నాయి. ఇల్లంతా పసుపునీళ్లు చల్లుతున్నారు. అక్కడితో ఊరుకున్నారా? నేను బూట్లతో ఇంట్లో చొరబడ్డానని ఆసుపత్రికొచ్చి ఫిర్యాదు చేశారు. డాక్టరుగారు నన్ను పిలిచి, ఊళ్లో పెద్ద కుటుంబం, పోనీ ఒక క్షమాపణ చెప్పేయమన్నారు.

తమరు ఏ నూతి దగ్గర స్నానం చేసి వెళ్లారు సార్ అని అడిగాను. బయట పేషెంట్లున్నారు, వెళ్లి పని చూసుకోమన్నారు. క్షమాపణ చెప్పలేదు. వేరే గది దొరికేదాకా ఆసుపత్రి స్టోరు గదిలో పడుకున్నాను.

తర్వాత విజయనగరంలో చాలాకాలం నర్సింగు పిల్లలకి పాఠాలు చెప్పాను. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే పాఠం పుస్తకంలో గర్భసంచి రుద్దడంతో మొదలవుతుంది. దానికి ముందు నేనొకటి చేర్చి చెప్పేదాన్ని: డాక్టరు బూట్లకి లేని మైల మీ బూట్లకీ లేదు, గుమ్మంలో ఎవరు అడ్డం నిలబడినా తోసుకుని లోపలికి వెళ్లండి, అని.